ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉండరు

మా ఆయనకు ఒక పద్ధతి ఉంది. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళ తలుపు తీసిన మరుక్షణం ఇంటికి వీపు తిప్పి నిలబడతారు. ఇంటివాళ్ళు లోపలికి వెళ్ళి, చూసుకోవలసినవి చూసుకుని, "ఆఁ, ఇటు తిరగవయ్యా" అనేదాకా తిరగరు. పిలవకపోతే గడప దాటరు. మా మామగారు నేర్పిన పద్ధతి అది. తలుపు తీయడం ఎవడైనా నేర్చుకుంటాడు, తీశాక లోపలికి చూడకుండా ఉండడమే అసలు పని అనేవారట. ఈ పద్ధతి వల్ల మా ఆయనకు మంచి పేరు వచ్చింది. ఎదురిళ్ళ గోడల రంగులు కూడా కంఠతా వచ్చాయి.

ఆయన కొట్టు ఒక పెద్ద అపార్ట్‌మెంటు గేటు పక్కన, మెట్ల కింద ఉండేది. గొడుగు విప్పితే నిండిపోయేంత జాగా. అందులో తాళంచెవులు కోసే మిషను, ఒక స్టూలు, గోడ నిండా మేకులకు వేలాడే కోయని చెవులు. పదకొండేళ్ళు అక్కడే. అక్కడివాళ్ళకు ఆయన 'తాళాలాయన', నేను 'తాళాలాయన గారి ఆవిడ'. నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాను. ఆ సంగతి ఎవరికీ అవసరం పడలేదు, మా కరివేపాకు మొక్కకు తప్ప. అదీ బతకలేదు.

మా ఆయనది మాట పొదుపు. అటువంటి మనిషిని పట్టుకుని మా పాస్టరుగారు శిష్యత్వ తరగతిలో చేర్చుకున్నారు. ప్రతి ఒక్కరూ పదేసి ఇళ్ళు ఎంచుకోవాలి, ఆ ఇళ్ళ కోసం రోజూ ప్రార్థన చేయాలి, ఆ తరవాత వెళ్ళి సువార్త చెప్పాలి. శనివారం సాయంత్రానికి ఒక ఫారం నింపి ఇవ్వాలి. కలిసిన ఇళ్ళు, విన్నవారు, కాదన్నవారు, కదిలినవారు అని నాలుగు గళ్ళు. తరగతిలో ఒక సోదరుడు బస్సులో గట్టిగా పాట పాడి, బస్సు నిండా ఉన్నవాళ్ళను 'విన్నవారు' కింద వేసేశాడు. కండక్టరును 'కదిలినవారు' కింద వేశాడు.

మా ఆయన పది ఇళ్ళూ ఆ అపార్ట్‌మెంటులోనే ఎంచుకున్నారు. ఆయనకు తెలిసిన తలుపులు అవే మరి.

మొదటి వారం రెండు వందల నాలుగులో గడియ బిగించి, పనిముట్లు సర్దుకుంటూ, చెమటలు కక్కుతూ రెండు ముక్కలు చెప్పారట. ఆ ఇంటాయన విని, "తాళం బాగుచేయమంటే తలరాత బాగుచేస్తానంటావేమయ్యా!" అన్నాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఆయనే నవ్వారు. రెండో ఇంట్లో "మాకు ఉన్న దేవుళ్ళకే తీరిక లేదు, నీ దేవుణ్ణి నీ కొట్లోనే కూర్చోబెట్టుకో" అన్నారు. మూడో ఇంట్లో తలుపు వేసేశారు. ఆ తలుపుకు తాళం ఆ ఉదయమే ఈయన బిగించారు కాబట్టి చక్కగా పడింది. నాలుగో ఇంట్లో ఒక పెద్దాయన కూర్చోబెట్టి మొత్తం విన్నారు. అంతా విని, "అయితే ఇంకో చెవి ఊరికే చేసిస్తావన్నమాట" అన్నారు.

నాలుగో శనివారం ఫారంలో మా ఆయన 'విన్నవారు' గడిలో సున్నా, 'కదిలినవారు' గడిలో సున్నా వేసి, 'కాదన్నవారు' గడిలో 'అందరూ' అని రాశారు.

పాస్టరుగారు నొచ్చుకున్నారు. "బ్రదర్, ఊళ్ళో ఎవరి తలుపైనా తీయగలవు కదా. నీకే ఇలా అయితే ఎలా?"

"అవి వాళ్ళు పిలిస్తే తీసినవండీ," అన్నారీయన.

ఆ వారమే అపార్ట్‌మెంటు సెక్రటరీ నోటీసు అంటించారు. ఆయన పెద్ద కంపెనీలో రిటైరైన మనిషి. లిఫ్టు గురించి, నీళ్ళ గురించి, చెప్పులు విడిచే చోటు గురించి రోజుకో నోటీసు. వెనకాల అందరూ నోటీసాయన అనేవారు. అయితే ఆ రోజు నోటీసు బోర్డు అద్దం తాళం పట్టేసింది. కింద కొట్లోంచి మా ఆయన్ని పిలిచారు. ఈయన వెళ్ళి, నూనె వేసి, తాళం తీసి, అలవాటుగా వీపు తిప్పి నిలబడ్డారు. నోటీసాయన కాయితం అంటించుకుని అద్దం మూశారు. 'ఆవరణలో మత ప్రచారము, సర్వేలు, తివాచీల అమ్మకము నిషేధము.' తన మీద నోటీసు పెట్టడానికి తనే తలుపు తీసిన మనిషి లోకంలో మా ఆయన ఒక్కరే అయుంటారు.

మా అత్తగారికి చెబితే, "ఒరే, కూలి అయినా తీసుకున్నావా?" అన్నారు.

"బోర్డు పనికి కూలేంటమ్మా."

"వీణ్ణి కన్నానా, ధర్మసత్రం కట్టించానా!" అని ఆవిడ నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను.

నోటీసు చూశాక మా ఆయన చెప్పడం మానేశారు. నోటీసులో ప్రచారం అని ఉందిగాని ప్రార్థన అని లేదుగా అని తన లెక్క తను వేసుకున్నారు. అప్పుడు మొదలైంది ఆ పుస్తకం. చేతిలో పట్టేంత నోటుబుక్కు, నీలం అట్ట.

ఒక సంగతి చెప్పాలి. సంతోషంగా ఉండి తాళం మార్చుకునేవాళ్ళు ఉండరు. ఎవరో వెళ్ళిపోయి ఉండాలి, లేదా ఎవరో తిరిగి రాకూడదని ఉండాలి. స్క్రూలు విప్పుతున్నంతసేపు ఇంటివాళ్ళు పక్కన నిలబడతారు, నిలబడి ఊరుకోలేరు. పైగా ఈయన వీపు తిప్పి నిలబడే మనిషి. మొహం కనిపించని మనిషికి చెప్పుకోవడం తేలిక. పదకొండేళ్ళుగా అలా చెప్పుకున్నవన్నీ ఈయన కడుపులో ఉన్నాయి. ఇప్పుడు పుస్తకంలోకి వచ్చాయి, దేవుడికి చెప్పడానికి.

రాసిన తీరు మాత్రం ఈయనకే చెల్లింది. పైన ఇంటి నంబరు. దాని కింద ఆ ఇంటివాళ్ళు ఎప్పుడు వెళ్తారు, ఎప్పుడు వస్తారు. దాని కింద వాళ్ళ కష్టం. 'మూడు వందల రెండు. పెద్దావిడ ఒక్కరే. మంగళవారం పదికి ఆస్పత్రి, ఒంటిగంట దాకా రారు.' మంగళవారం పది కొట్టగానే మిషను ఆపి, మూడు వందల రెండు కోసం కళ్ళు మూసుకునేవారు. ఎవరు ఏ వేళ కష్టంలోకి బయలుదేరతారో ఆ వేళకే ప్రార్థన చేయాలట.

నేను ఆ పుస్తకం అక్కడక్కడా తెరిచి చదివాను. అడిగి చదివానని చెప్పను. చివరి పేజీలో నేనూ ఉన్నాను. 'మా ఇల్లు. ఆవిడ రోజంతా ఇంట్లోనే. దేవుడి సంగతి ఎత్తితే నవ్వుతుంది. నేను ఎత్తడం మానలేదు.' రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎందుకో ఆయనకు తెలియలేదు, అడగలేదు కూడా. ఆ రెండు రోజులూ నా పేజీలో కొత్తగా ఏమైనా చేరిందా అని చూశాను. చేరలేదు.

ఒక శుక్రవారం నోటీసాయన ఇంట్లో వంటింటి తలుపు గడియ బిగించడానికి వెళ్ళి, మా ఆయన ఆ పుస్తకాన్ని చెప్పుల స్టాండు మీద మరిచిపోయి వచ్చారు.

ఇప్పుడు ఒక్కసారి నోటీసాయన కళ్ళతో చూడండి. ప్రతి ఇంటికీ చెవి చేయగల మనిషి. అతని పుస్తకంలో ఇంటి నంబర్లు, ఏ ఇంట్లో ఒంటరి ముసలివాళ్ళున్నారు, ఏ ఇల్లు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఖాళీ. నేనైనా పోలీసులకు ఫోను చేసేదాన్ని. ఆయన చేయలేదు, నోటీసు అంటించారు. 'ఆదివారం నాలుగు గంటలకు అత్యవసర సమావేశము. విషయము: భద్రత.' బోర్డు తాళం ఈసారి తేలిగ్గా వచ్చింది. నూనె వేసి ఉంది కదా.

పుస్తకం సంగతి చెవినపడి శనివారం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. "బ్రదర్, ఇది మంచి అవకాశం. నలుగురూ ఉంటారు. లేచి నిలబడి సాక్ష్యం చెప్పు. పుస్తకం వాళ్ళనే చదవమను. నీ ప్రార్థనలు వాళ్ళ నోటితోనే చదివిస్తాడు దేవుడు!"

జీవితంలో మొదటిసారి పాస్టరుగారితో నేను ఏకీభవించాను. "అవునండీ," అన్నాను మా ఆయనతో. "రెండు పేజీలు చదివితే చాలు, అది దొంగల పుస్తకమో దేవుడి పుస్తకమో గుడ్డివాడికైనా తెలుస్తుంది. కొట్టు నిలుస్తుంది."

మా అత్తగారు కూడా తల ఊపారు. "ఒరే, రేపొక్కరోజు నోరు అరువు తెచ్చుకునైనా మాట్లాడు."

మా ఆయన ముగ్గురి మాటా విన్నారు. విని, లేచి వెళ్ళి, కొళాయి వాషరు మార్చారు.

ఆదివారం నాలుగింటికి నేనూ వెళ్ళాను. హాల్లో ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు, దాదాపు అన్నీ నిండాయి. నీళ్ళ ట్యాంకు సమావేశానికి ఆరుగురు కూడా రారు అక్కడ. ముందు బల్ల దగ్గర ప్రెసిడెంటు కూర్చున్నారు. స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన ఆవిడ, నూటొకటిలో ఉంటారు. అందరూ పెద్ద టీచరుగారు అంటారు. పక్కన నోటీసాయన, ఆయన చేతిలో నీలం అట్ట పుస్తకం. ఒక పేజీలో వేలు పెట్టుకుని ఉన్నారు. మా ఆయనకు కుర్చీ వేయలేదు. గోడ పక్కన నిలబడ్డారు, సంచి భుజాన ఉంది. ఎక్కడికి పిలిచినా సంచీతో వెళ్ళడం అలవాటు.

నోటీసాయన గొంతు సవరించుకున్నారు. మొదటి పేజీ తిప్పేసి రెండోది తీశారు. అది నేను గమనించాను.

"వినండి. రెండు వందల నాలుగు. ఇద్దరూ తొమ్మిదికి వెళ్తారు. ఆరున్నర దాకా ఎవరూ ఉండరు."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. రెండు వందల నాలుగు దంపతులు రెండో వరసలో కూర్చుని ఉన్నారు, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా వదిలి.

"అమ్మో," అందొకావిడ. "ఆరున్నర అని కూడా రాసుకున్నాడే! నాకే తెలీదు వాళ్ళు ఆరున్నరకి వస్తారని."

"మూడు వందల రెండు," అన్నారు నోటీసాయన. "పెద్దావిడ ఒక్కరే. మంగళవారం పదికి..."

నేను ఉండబట్టలేక లేచాను. "సెక్రటరీగారూ, పై రెండు లైన్లే చదువుతున్నారేం? కింద ఉన్నది కూడా చదవండి. ఒక్క పేజీ పూర్తిగా చదవండి చాలు."

"మీరెవరమ్మా?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"తాళాలాయన గారి ఆవిడండీ."

"చదవమనే చెబుతోంది కదా, చదవండి," అన్నాడు రెండు వందల నాలుగు ఆయన. పాపం, తన పేజీ కింద ఏముందో ఆయనకు తెలియదు. వాళ్ళావిడ ఏ రోజు ఎందుకు తాళం మార్పించిందో కూడా తెలియదు. ఆవిడకు మాత్రం తెలుసు. చేతిలో ఉన్న పర్సును రెండు చేతులతో పట్టుకుంది. అంతవరకూ నాకు ఆ సంగతి తట్టనే లేదు. కొట్టు మీదే ఉంది నా ధ్యాస.

నోటీసాయన వెనక్కి ఒక పేజీ తిప్పారు. అప్పుడు చూశాను, మా ఆయన గోడకు తిరిగి నిలబడ్డారు. తలుపు తీశాక నిలబడినట్టే, అందరికీ వీపు తిప్పి. తప్పు చేసినవాడు మొహం చూపించలేకపోతున్నాడని హాలు అనుకుంది. "చూశారా, చూశారా" అని గుసగుసలు.

"రెండు వందల నాలుగు," అని మళ్ళీ మొదలుపెట్టారు నోటీసాయన. "కింద ఏముందంటే..."

"చదవకండి సార్," అన్నారు మా ఆయన.

గోడతో అన్నారు. గొంతు పెద్దది కాదు, అయినా వినపడింది.

పెద్ద టీచరుగారు మొదటిసారి నోరు విప్పారు. "ఇటు తిరుగు. ఇది దొంగతనానికి రాసుకున్న లిస్టా?"

"కాదండీ."

"మరి ఏమిటి?"

"ప్రార్థన పుస్తకమండీ."

వెనకాల ఎవరో నవ్వారు. "ప్రార్థనకి టైంటేబుల్ ఎందుకయ్యా, దేవుడేమైనా బస్సా?"

"అయితే చదివితే తేలిపోతుంది కదా," అన్నారు పెద్ద టీచరుగారు. బడిలో ఆఖరి అవకాశం ఇచ్చే గొంతు అది.

"తేలిపోతుందండీ," అన్నారు మా ఆయన. "నా సంగతొక్కటే కాదండీ, అందరివీ తేలిపోతాయి. వాళ్ళు నాకు చెప్పుకున్నవి, హాలుకి చెప్పలేదు."

"చదవకపోతే నిన్ను నమ్మేదెలా?"

"నమ్మక్కర్లేదండీ."

నాకు లేచి వెళ్ళి ఆయన్ని నాలుగు దులపాలనిపించింది. పదకొండేళ్ళ కొట్టు. ఒక్క పేజీ. ఒక్క 'సరే'.

రెండు వందల నాలుగు ఆవిడ పర్సు మీద పట్టు వదల్లేదు. పెద్ద టీచరుగారు నోటీసాయన చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. తీసుకున్నది మూసే ఉంచారు. నూటొకటికి ఏడాదిలో మూడుసార్లు తాళం మారింది. ఆ పేజీలో ఏముందో నాకు తెలుసు, ఇక్కడ రాయను. తన పేజీ ఒకటి ఉంటుందని ఆవిడకు తెలిసిపోయిందని మాత్రం మొహం చూస్తే అర్థమైంది. పుస్తకం తెచ్చి మా ఆయన చేతికి ఇచ్చారు. ఇచ్చి, వెనక్కి వెళ్ళి కూర్చుని, "అయినా ఓటింగు పెట్టాలి, నియమం ఉంది," అన్నారు.

కొట్టు ఖాళీ చేయించాలని ఇరవై రెండు చేతులు లేచాయి. పెద్ద టీచరుగారి చెయ్యి లేవలేదు. రెండు వందల నాలుగులో ఒక చెయ్యి లేచింది, ఒకటి లేవలేదు. నోటీసాయన చెయ్యి సగం లేచి, కళ్ళజోడు సవరించుకుంది. ఆయన్ని లెక్కలో వేసుకున్నారో లేదో తెలియదు.

మా ఆయన సంచీలోంచి కొట్టు తాళంచెవులు తీసి బల్ల మీద పెట్టారు. రెండు.

మళ్ళీ చెయ్యి పెట్టి మూడోది కూడా పెట్టారు.

"మేం ఇచ్చింది రెండే కదయ్యా. మూడోది ఎక్కడిది?" అన్నారు నోటీసాయన.

"తాళాలవాణ్ణి కదండీ," అన్నారు మా ఆయన సిగ్గుపడుతూ.

హాలంతా నవ్వింది. బయటికి గెంటేశాక నవ్వడం తేలికే.

దారిలో నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆయనకు శిక్ష కాదని తెలిసినా మాట్లాడలేదు. వీధి మలుపు దగ్గర మాత్రం అడిగాను. "ఆ మొదటి పేజీ ఎవరిదండీ? సెక్రటరీ తిప్పేశాడు."

"ఆయనదే."

ఇంటికెళ్ళి చూశాను. 'నాలుగు వందల ఒకటి. పొద్దున్నే ఆరుకు బోర్డు దగ్గరికి వస్తారు. మోకాళ్ళ నొప్పులు, లిఫ్టు పాడైనా మెట్లు దిగి వస్తారు. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. అందుకే రాస్తారు.' తారీఖు చూస్తే మత ప్రచారం నోటీసు అంటించిన రోజు. అంటే నోటీసాయన దాన్ని మొదటే చదివారు. అది దొంగల పుస్తకం కాదని శుక్రవారమే తెలుసు ఆయనకు.

"ఆ మనిషి పేజీ చింపేయండి," అన్నాను.

"కొట్టు పోయిందిగాని ఆయన మోకాళ్ళు బాగవలేదుగా," అన్నారు.

ఆ శనివారం ఫారం మామూలుగానే వెళ్ళింది. పాస్టరుగారు చూసి తల పట్టుకున్నారు. "నిండు సభ బ్రదర్! ముప్పై మంది! ఒక్క మాట చెప్పి ఉంటే ముప్పై మందీ 'విన్నవారు' గడిలో పడేవాళ్ళు." బస్సు సోదరుడు కూడా సానుభూతి చూపించాడు.

మిషను మా వంటింటి కిటికీ పక్కకు వచ్చింది. ఉప్పుడబ్బాలో ఇత్తడి పొడి తేలడం మొదలైంది. పని సగానికి పడింది. మా అత్తగారు "ప్రభువు సిలువ ఎత్తుకోమన్నాడు గాని, మిషను వంటింట్లోకి ఎత్తుకు రమ్మన్నాడట్రా?" అని రోజుకొకసారి అడిగేవారు. ఆయన మిషను మీద గుడ్డ కప్పేవారు. నా దగ్గర జవాబు ఉండేదిగాని బాగుండదని ఊరుకున్నాను.

అపార్ట్‌మెంటువాళ్ళు ఇంకో తాళాలతన్ని పెట్టుకున్నారు. చురుకైనవాడు. రెండు నిమిషాల్లో తలుపు తీసి, ఇంటావిడకన్నా ముందు తనే లోపలికి నడిచి, "ఇల్లు బాగుందండీ, ఎంతకి కొన్నారు?" అన్నాడట. ఆ తరవాత ఒకరొకరే పాత తాళాలు సంచిలో దాచుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. పెద్ద టీచరుగారు నెలకొకసారి ఒక తాళం పంపిస్తారు. దానికి ఏ జబ్బూ ఉండదు. ఈయన విప్పి, తుడిచి, బిగించి పంపిస్తారు.

నాలుగు నెలల తరవాత ఒక ఉదయం అపార్ట్‌మెంటు నుంచి ఫోను. నాలుగు వందల ఒకటి తలుపులో చెవి విరిగిపోయింది. నోటీసాయన ఆ రోజు రెండోసారి బోర్డు దగ్గరికి వెళ్ళి తిరిగివచ్చి, నాలుగు అంతస్తులు ఎక్కి, తన గుమ్మం బయటే ఇరుక్కుపోయారు. కొత్తవాణ్ణి వద్దన్నారట.

"వెళ్ళకండి," అన్నాను.

ఆయన అప్పటికే సంచి భుజాన వేసుకున్నారు.

గేటు దగ్గర కాపలావాడు రిజిస్టరు తీసి రాయించాడట. పేరు, వచ్చిన వేళ, ఏ ఇంటికి, ఎందుకు. అది కూడా నోటీసాయన పెట్టిన నియమమే. "మీరు రాస్తే తప్పు, మేం రాస్తే రిజిస్టరు," అని కాపలావాడే నవ్వాడట. కింద మా కొట్లో ఇప్పుడు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు వేశారు.

పది నిమిషాల పని. విరిగిన ముక్క లాగి, తలుపు తీసి, మా ఆయన వీపు తిప్పి నిలబడ్డారు. నోటీసాయన లోపలికి వెళ్ళారు. చాలాసేపు బయటికి రాలేదు. కూలి ఇవ్వడానికి వెతుక్కుంటున్నారేమో అని ఈయన ఎదురింటి గోడ చూస్తూ నిలబడ్డారు. ఆ గోడకు కొత్తగా పచ్చరంగు వేశారట.

"లోపలికి రండి," అని వినపడింది.

పదకొండేళ్ళలో 'అండి' చేర్చడం అదే మొదటిసారి. మా ఆయన గడప దాటారు.

పదింపావుకు వెళ్ళిన మనిషి ఒంటిగంటకు ఇంటికి వచ్చారు. భోజనం చల్లారిపోయింది.

"ఏం మాట్లాడారు అంతసేపు?"

"ఆయన మాట్లాడారు."

"క్షమాపణ చెప్పాడా?"

ఈయన కొంచెం ఆలోచించారు. "మోకాళ్ళ గురించి చెప్పారు. వాళ్ళావిడ గురించి చెప్పారు. వెళ్ళేముందు, ఆ మొదటి పేజీ ఇంకా ఉందా అని అడిగారు."

"ఉందన్నారా?"

"ఉంది కదా."

"మరి మీరు సువార్త చెప్పారా? ఇన్నాళ్ళకి పిలిచి కూర్చోబెట్టాడు కదా, ఫారంలో ఏదో ఒక గడి నిండేది."

"ఆయన అడిగినంత చెప్పాను," అన్నారు. శనివారం ఫారంలో ఆ సంగతి రాయలేదు. ఏ గడిలో రాయాలో తెలియలేదట. పాస్టరుగారు సున్నాలే చూసుకున్నారు.

ఆ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని నీలం పుస్తకంలో చాలాసేపు రాసుకున్నారు. రాయడం అయ్యాక, అట్టకు రెండు వైపులా రంధ్రాలు చేసి, బొటనవేలి గోరంత తాళం ఒకటి తగిలించారు. సొంతంగా చేసింది. ముందే వేయకపోవడం తన తప్పు అన్నారు. చెవి జేబులో వేసుకున్నారు.

తాళాలు ఎలా తీస్తారో నేను పద్నాలుగేళ్ళుగా పక్కన నిలబడి చూస్తున్నాను. తలలో పిన్ను కూడా ఉంది. పుస్తకం బల్ల మీదే ఉంది, ఆయన స్నానానికి వెళ్ళారు. నేను పుస్తకానికి వీపు తిప్పి, గోడ వంక చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజు మటుకు.